మూతి తానుగా బుట్టలోకి రావాలి

(జూలై 6న నెల్లూరు జిల్లా కావలిలో కుక్కలకు టీకాలు వేయించడానికి వచ్చిన వారితో ఒక విశ్రాంత పశువైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)

అయ్యా, అమ్మా, అందరికీ నమస్కారం. పొద్దున్నుంచి వరుసలో నిలబడి టీకాలు వేయించి, కుక్కలను వేపచెట్టు నీడన కట్టేసి వచ్చి కూర్చున్నారు కాబట్టి మిమ్మల్ని ఎక్కువసేపు ఆపను. 1885లో ఇదే తేదీన లూయీ పాశ్చర్, పిచ్చికుక్క కరిచిన జోసెఫ్ మీస్టర్ అనే తొమ్మిదేళ్ల బాలుడికి రేబిస్ టీకా మొదలుపెట్టాడు. అందుకే ఏటా జూలై 6ను జంతువుల నుంచి మనుషులకు సోకే వ్యాధుల దినంగా పాటిస్తున్నారు. టీకా సంగతి నా కంటే ముందు మాట్లాడిన డాక్టరుగారు వివరంగా చెప్పారు కనుక మళ్లీ చెప్పను. కుక్క కరిస్తే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటి కింద 15 నిమిషాలు కడిగి, పసర్లూ పొడులూ పూయకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లాలన్న మాట మాత్రం ఇంట్లో వాళ్లందరికీ చెప్పండి.

నేను మాట్లాడదలచుకున్నది ఈ ఉదయం టీకా బల్ల దగ్గర నేను చూసినదాని గురించి. ఒక కుక్కను నలుగురు పట్టుకుంటే ఐదో ఆయన దాని మూతికి తువాలు చుట్టాడు. ఇంకొక అమ్మాయి తన చున్నీ తీసి కట్టింది. ఒకాయన కొత్తగా కొన్న చిక్కాన్ని, అదే మజిల్‌ను, సంచిలోంచి అప్పుడే తీసి, ధర చీటీ కూడా చింపకుండా, కుక్క మూతికి బలవంతంగా తొడగబోయి, వేలు కరిపించుకున్నంత పని చేసుకున్నాడు. సూది నొప్పి రెండు క్షణాలు. దాని కోసం ఆ కుక్కలు పడిన భయం మాత్రం వచ్చే ఏడాది ఇదే గేటు చూసినప్పుడు వాటికి మళ్లీ గుర్తుకొస్తుంది. సూది కంటే పట్టుబడటమే వాటికి పెద్ద బాధ.

మన ప్రాంతపు రైతుకు చిక్కం కొత్త వస్తువేమీ కాదు. కందిచేలో గుంటక తోలేటప్పుడు ఎద్దు మొక్కలకు మూతి పెట్టకుండా, కళ్లంలో బంతి కట్టినప్పుడు గింజ మేయకుండా, తాడుతో అల్లిన వల లాంటి బుట్టను దాని మూతికి కట్టేవారు. మా నాయన అల్లే చిక్కానికి కళ్లు ఎంత పెద్దవిగా ఉండేవంటే, చిన్నప్పుడు నేను వాటిలోంచి రెండు వేళ్లు దూర్చి ఎద్దు ముక్కును తాకేవాణ్ణి. ఎద్దుకు ఊపిరి ఆడాలి, దవడ కదలాలి, మేత మాత్రం అందకూడదు. అంతవరకే దాని పని. మూతికి గుడ్డసంచి కట్టిన రైతును నేను ఏ ఊళ్లోనూ చూడలేదు. దుకాణంలో మజిల్ అని అమ్ముతున్న వస్తువును నేను చిక్కం అనే పిలుస్తాను. ఆ మాట అనుకుంటే చాలు, అది ఎలా ఉండాలో సగం అర్థమైపోతుంది.

“మా వాడు కరవడు సార్” అని మీలో చాలామంది నాతో అన్నారు. నిజమే, ఇంట్లో కరవడు. కాలు విరిగి, ఎముక కదిలిస్తే ప్రాణం పోయేంత నొప్పి పుట్టినప్పుడు ఎంత సాధువైన కుక్కయినా దగ్గరున్న చేతినే కరుస్తుంది, ఆ చేయి తనకు రోజూ అన్నం పెట్టేదే అయినా సరే. అటువంటి రోజు ఎప్పుడొస్తుందో ముందుగా తెలియదు. కాబట్టి చిక్కం కరిచే కుక్కకు వేసే శిక్ష అనుకోకుండా, ప్రతి కుక్కకూ చిన్నప్పుడే నేర్పవలసిన అలవాటు అనుకోండి. చట్టం కూడా యజమానిని వదలదు. తన దగ్గరున్న జంతువు వల్ల మనుషులకు ప్రమాదం కలగకుండా తగిన జాగ్రత్త తీసుకోని వారికి భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షను కింద ఆరు నెలల వరకు జైలు గానీ, 5,000 రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, ఒక మే నెల మధ్యాహ్నం, చెవి వెనక పుండు పడి పురుగులు పట్టిన నాటుకుక్కను నా దగ్గరకు తెచ్చారు. నేను మూతిని గట్టిగా మూసివేసే నైలాను పట్టీ చిక్కాన్ని బిగించి, తీరిగ్గా పురుగులు ఏరడం మొదలుపెట్టాను. అప్పుడే కరెంటు పోయి ఫ్యాను ఆగింది. కుక్క పెనుగులాట మానేసి కదలకుండా పడుకుంటే, మందు పనిచేసి నొప్పి తగ్గిందనుకుని సంతోషించాను. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్లు ఇటుక రంగుకు తిరిగి ఉన్నాయి, థర్మామీటరు 106 డిగ్రీల ఫారన్‌హీట్ చూపించింది. చిక్కం కోసేసి, ఒంటినిండా నీళ్లు పోసి, అట్టముక్కతో విసురుతూ గంటసేపు కూర్చుంటే దాని అదృష్టం బాగుండి బతికింది. ఆ తర్వాత నేను వీధిలో సైకిలు మీద కనబడినా అది నిలబడినచోటే ఒంటికి పోసేది. దాని తప్పేమీ లేదు.

జరిగింది ఏమిటంటే, మనిషికి చెమట పట్టి ఒళ్లు చల్లబడుతుంది. కుక్కకు పాదాల మెత్తలలో తప్ప చెమట పట్టదు. నోరు బాగా తెరిచి, నాలుక బయటపెట్టి వగర్చినప్పుడు తడి ఆవిరై దాని ఒంటి వేడి దిగుతుంది. మామూలుగా 101 నుంచి 102.5 డిగ్రీల మధ్య ఉండే వేడి, ఆ దారి మూసేస్తే ఎక్కడికి పోతుంది? మనకు జూలై వచ్చినా ఎండ తగ్గదు, మన జిల్లాకు అసలు వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరులో గానీ మొదలు కావు. కాబట్టి మూతిని మూసి ఉంచే గుడ్డ, నైలాను రకాలను మన ఊళ్లలో డాక్టరు పక్కనుండగా రెండు మూడు నిమిషాల పనికి తప్ప వాడవద్దు. నడకకు, ప్రయాణానికి, ఆసుపత్రికి పనికొచ్చేది బుట్ట రకం ఒక్కటే. కుక్క దాన్ని వేసుకుని కూడా నోరు తెరిచి వగర్చగలగాలి, నీళ్లు తాగగలగాలి, సందులోంచి మీరిచ్చే తాయిలం అందుకోగలగాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి చేయలేకపోయినా ఆ బుట్ట దానికి సరిపోలేదన్నట్టే. ఇనుప తీగ బుట్ట బలమైనదే గాని ఎండలో కాలుతుంది. మెత్తటి రబ్బరు, ప్లాస్టిక్కు బుట్టలు రోజువారీకి నయం.

కొలత తీసుకోకుండా, లాబ్రడార్‌కు ఫలానా నంబరు అని చెప్పే దుకాణదారుడి మాట నమ్మకండి. దర్జీ టేపుతో కంటికి ఒక వేలు దిగువ నుంచి ముక్కు కొస వరకు పొడవు చూసి, ఇంకొక సెంటీమీటరు కలపండి, ముక్కు బుట్ట గోడకు తగలకూడదు. చుట్టుకొలత, ఎత్తు మాత్రం కుక్క నోరు మూసుకుని ఉన్నప్పుడు తీయకండి. నడిచి వచ్చి వగరుస్తున్నప్పుడు తీస్తేనే అది అసలు కొలత. చాలామంది ఇక్కడే పొరబడి, నోరు తెరవడానికి వీలులేని బుట్ట కొని, కుక్కకు ఇష్టం లేదని దాని మీద నెపం వేస్తారు. చెవుల వెనక పట్టీ కింద ఒక వేలు సులువుగా దూరాలి, బుట్ట అంచు కంటికి రాసుకోకూడదు.

ఇక నేర్పడం. దీనికి ఒకటే నియమం పెట్టుకోండి: మూతి బుట్టలోకి రావాలి గాని, బుట్ట మూతి మీదికి పోకూడదు. తక్కిన కిటుకులన్నీ ఇందులోంచి వచ్చేవే.

కొత్త బుట్టకు రబ్బరు వాసన ఉంటుంది. కడిగి ఒక పూట ఆరబెట్టండి. ఇంట్లో అందరి భోజనాలు అయ్యాక, కుక్కకు మాత్రం ఇంకా పెట్టకముందు, సందడి లేని వేళ చూసుకుని కూర్చోండి. తాయిలంగా రోజూ దొరికే అన్నం ముద్ద పనికిరాదు. ఉప్పూ కారమూ లేకుండా ఉడికించి, గోరంత ముక్కలుగా తుంచిన కోడి కార్జం గాని, ఎముక లేని మాంసం గాని ఉండాలి. శాకాహారుల ఇంట్లో గడ్డపెరుగు బాగా పనిచేస్తుంది. నెల్లూరు వాళ్లం గనుక చేపల పులుసులో ముక్క తీసి పెట్టాలని మనసు లాగుతుంది. ముల్లు సంగతి అటుంచితే, పులుసులోని ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తకణాలను పాడు చేస్తాయి. మలైకాజా కూడా వద్దు, అది మీరే తినండి.

మొదటి రోజు బుట్టను వెనక నుంచి బయటికి తీసి చూపించి, కుక్క దాని వంక చూడగానే ముక్క పెట్టి, బుట్టను మళ్లీ దాచేయండి. ఇక్కడ క్రమం ముఖ్యం. బుట్ట కనబడాలి, ఆ తర్వాత ముక్క రావాలి. రష్యా శాస్త్రవేత్త పావ్‌లోవ్ కుక్కలకు చప్పుడు వినిపించాకే మాంసం పెట్టాడు కాబట్టే, చప్పుడు వినగానే వాటి నోట నీళ్లూరాయి. మనవాళ్లు దీన్ని తిరగేసి, ముందు ముక్క చూపించి దగ్గరకు పిలిచి, వచ్చాక బుట్ట తగిలిస్తారు. అలా నాలుగుసార్లు చేస్తే కుక్కకు బుట్ట మీద ఇష్టం కలగకపోగా, కార్జం వాసన అంటేనే అనుమానం పుడుతుంది. బుట్ట బయటికి వచ్చిందంటే విందు, లోపలికి పోయిందంటే విందు అయిపోయింది అని దానికి తెలియాలి. పది పన్నెండుసార్లు, అంటే మూడు నాలుగు నిమిషాలు చేసి ఆపేయండి. అలా రోజుకు రెండు పూటలు చాలు.

బుట్ట చూడగానే తోక ఊపుతూ మీ ముఖం వంక చూసిందంటే రెండో మెట్టు ఎక్కవచ్చు. బుట్టను దోసిలిలో గిన్నెలా పట్టుకుని, అడుగున పెరుగు పూసి, కదలకుండా ఉండండి. అది తానే మూతి పెట్టి నాకుతుంది. నాకుతున్నప్పుడు మీ చేయి ఒక్క అంగుళం కూడా ముందుకు పోకూడదు. అది మూతి తీసేస్తే తీయనివ్వండి, మళ్లీ వస్తుంది. నాకడం అలవాటయ్యాక పెరుగు పూయడం మాని, ఖాళీ బుట్ట పట్టుకుని, మూతి లోపలికి వచ్చాకే ముందు సందులోంచి ముక్క అందించండి. మొదట ఒక క్షణం, తర్వాత మూడు, ఐదు, పది. నేను సూది తీసేసిన సిరంజిలో పెరుగు నింపి సందులోంచి కొద్ది కొద్దిగా వదులుతాను, ఐస్‌క్రీం పుల్ల కొసన అంటించి అందించినా సరే. బుట్ట ఇంకా కొనని వారు కాగితపు లస్సీ గ్లాసు అడుగు కోసేసి దానితో మొదలుపెట్టవచ్చు.

పట్టీ దగ్గరే ఎక్కువమంది తొందరపడతారు. బుట్టలో మూతి పెట్టి పది క్షణాలు నిలబడుతున్న కుక్కను చూసి, ఇంకేముందని బకిల్ పెట్టేస్తే, అప్పటిదాకా దాని చేతిలో ఉన్న పని మన చేతిలోకి వచ్చేస్తుంది. ఇక తీసుకోలేనని తెలియగానే కాళ్లతో గీరుకోవడం మొదలవుతుంది. అందుకని ముందు పట్టీని చెవుల వెనకకు తెచ్చి తాకించి ముక్క పెట్టండి. మరుసటి పూట పట్టీ పట్టుకుని ఒక క్షణం ఉంచండి. బకిల్ చప్పుడు విడిగా, కుక్కకు దూరంగా వినిపించి, దానికీ ముక్క పెట్టండి. ఆ టక్కుమనే శబ్దానికి ఉలిక్కిపడే కుక్కలు ఎన్నో ఉన్నాయి. అప్పుడు గాని పట్టీ బిగించి, వెంటవెంటనే మూడు నాలుగు ముక్కలు అందించి, అది గీరుకోవడం గురించి ఆలోచించకముందే తీసేయాలి. గీరుకోవడం మొదలైతే తిట్టకండి, గుంజకండి. చేతిలో ముక్క పట్టుకుని నాలుగడుగులు నడిపించి, దాని దృష్టి మళ్లిన క్షణంలో తీసేసి, మరుసటి పూట రెండు మెట్లు కిందికి దిగండి.

దాని ఒంటి భాష చూస్తూ ఉండాలి. ముఖం పక్కకు తిప్పుకోవడం, తిండి లేకపోయినా పెదాలు నాకడం, నిద్ర రాకపోయినా ఆవులించడం, కంట్లో తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూడటం, కొయ్యబారి నిలబడటం, ఇవన్నీ “ఇక చాలు” అని చెప్పడమే. కొయ్యబారిన కుక్కను బుద్ధిమంతురాలని పొగిడేవాళ్లను చూస్తే నాకు ఆ మే నెల మధ్యాహ్నం గుర్తొస్తుంది.

రెండు మూడు వారాలు పడుతుంది. అల్లూరు వైపు ఒక రైతు తన రొయ్యల గుంటల కాపలాకు నల్లటి నాటుకుక్కను పెంచుతున్నాడు. గట్టు మీద కుళ్లిన రొయ్యలు తిని అది రెండుసార్లు వాంతులతో నా దగ్గరకు వచ్చింది. మూడోసారి ఎలుకల మందు తిన్నదేమోనని ఆయన అర్ధరాత్రి మోటారు సైకిలు మీద మోసుకొచ్చాడు. చిక్కం వేయమంటే, “నోరు కట్టేస్తే దాని ఉసురు తగలదా సార్?” అన్నాడు. బుట్ట తెచ్చి ఆయన చేతికే ఇచ్చి, నేను చెప్పినట్టు చేయమన్నాను. మొదటి వారం ఆయన నాకు రోజూ ఫోను చేసి ఏమీ జరగడం లేదని విసుక్కున్నాడు. పద్దెనిమిదో రోజున నేను ఆ దారిన పోతూ ఆగాను. మోటారు షెడ్డులో మేకుకు తగిలించిన బుట్టను ఆయన తీస్తుంటే, ఆ చప్పుడుకు అవతలి గట్టు మీదున్న కుక్క పరుగెత్తుకొచ్చి, ఆయన వంగకముందే ముందుకాళ్లు ఎత్తి మూతి లోపలికి దూర్చింది. బుట్ట ఖాళీగా ఉంటే సందులన్నీ వరసగా నాకింది. ఇప్పుడు పొద్దున గట్టు చుట్టూ నడిచే అరగంటా అది వేసుకుంటుంది. ముందు సందులు చిన్నవిగా ఉన్న బుట్టే అయినా, సందులోంచి చిన్నవేవో నాలుకకు అంటకుండా పూర్తిగా ఆగదు, కాబట్టి ఆయన కూడా వెంటే నడుస్తాడు.

అలవాటయ్యాక కూడా ఒక పొరపాటు జరుగుతుంది. ఆసుపత్రికి వెళ్లే రోజున మాత్రమే బుట్ట తీస్తే, ఆరు నెలల్లో అది మళ్లీ భయంగా మారుతుంది. వారానికి రెండు మూడుసార్లు ఏ కారణమూ లేకుండా వేసి, కాసేపు ఆడించి తీసేయండి. మైపాడు సముద్రపు ఒడ్డుకో కొత్తపట్నం ఒడ్డుకో తీసుకెళ్లినప్పుడు వేసి చూడండి, ఇంటికి వచ్చాక మాత్రం ఇసుక పోయేలా కడగండి, లేకపోతే ముక్కు మీద చర్మం ఒరుసుకుపోతుంది. వేసినంతసేపూ మీరు కళ్లెదుటే ఉండాలి. బుట్ట గేటు కమ్మీకో కొమ్మకో చిక్కుకుంటే అది తనంతట తాను విడిపించుకోలేదు, వీధికుక్కలు మీదపడితే తనను కాపాడుకోలేదు.

ఏమీ నేర్పని కుక్కకు రోడ్డు మీద దెబ్బ తగిలితే ఏం చేయాలో ఇదిగో ఈ తువాలుతో చూపిస్తాను. పొడవుగా మడిచి, మధ్యలో వదులు ముడితో ఉచ్చు చేసి, ఎదురుగా కాకుండా పక్క నుంచి వచ్చి మూతికి తగిలించి, ముడి ముక్కు పైన పడేలా లాగి, కొసలను గడ్డం కిందికి తెచ్చి ఒకసారి మెలివేసి, చెవుల వెనక జారుముడి వేయండి. ఒక్క లాగుకు ఊడి రావాలి. వాంతి చేసుకుంటున్నా, ఊపిరికి ఇబ్బంది పడుతున్నా, పగ్ లాంటి పొట్టిమూతి కుక్క అయినా ఇది కట్టకూడదు. ఆసుపత్రి చేరేదాకానే దీని అవసరం, ఎండలో వదిలేయకూడదు.

(శ్రోతల్లోంచి ఒకామె: “మా పమేరియన్ రాత్రంతా మొరుగుతుందండీ, పక్కింటివాళ్లు గొడవ చేస్తున్నారు. రాత్రిళ్లు చిక్కం వేసి ఉంచవచ్చా?”)

వద్దమ్మా. బుట్ట చిక్కంలోంచి అది చక్కగా మొరుగుతుంది, మొరగకుండా ఆపేంత బిగువైనది వేస్తే ఊపిరికే ముప్పు. ఎందుకు మొరుగుతోందో చూడాలి. మేడ మీద ఒంటరిగా కట్టేస్తున్నారా? అయితే ముందు కిందికి తెచ్చి, మీ గుమ్మం దగ్గర పడుకోబెట్టి చూడండి.

(ఇంకొకరు: “ఒకసారి బలవంతంగా వేశాం సార్, ఇప్పుడు బుట్ట చూస్తేనే మంచం కిందికి దూరుతుంది.”)

ఆ బుట్టను ఎవరికైనా ఇచ్చేయండి. వేరే రంగు, వేరే రకం కొని, వేరే గదిలో, అవసరమైతే ఇంట్లో వేరొకరి చేత, మొదటి రోజు నుంచి మొదలుపెట్టించండి. మామూలు కుక్కకు మూడు వారాలైతే దీనికి మూడు నెలలు పట్టవచ్చు.

టేపు, పెన్ను నా దగ్గరే ఉన్నాయి. కుక్కలు ఇప్పుడు నీళ్లు తాగి వగరుస్తూనే ఉన్నాయి కనుక కొలతలకు ఇదే మంచి సమయం. ఒక్కొక్కరే వేపచెట్టు దగ్గరకు రండి, చీటీ మీద రాసిస్తాను.